తూర్‌మలే కనుమ నేర్పిన పాఠము

రెండు లోయల నడుమ గోడవలె నిలిచిన పర్వతపంక్తిలో ఎక్కడనో ఒకచోట శిఖరముల వరుస కొంత తగ్గి, అవతలి ప్రక్కకు దాటుటకు వీలు కలిగియుండును. అట్టి చోటును కనుమ అందురు. పశువుల కాపరులు, వర్తకులు, యాత్రికులు, సైన్యములు అనాదిగా కొండలను దాటినది కనుమల మీదుగానే. ఫ్రాన్సు, స్పెయిను దేశముల నడుమ తూర్పుపడమరలుగా వ్యాపించియున్న పిరనీసు పర్వతములలో, ఫ్రాన్సు వైపున, తూర్‌మలే అను కనుమ ఒకటి కలదు. దాని ఎత్తు సముద్రమట్టమునకు 2,115 మీటర్లు. అంతకంటె ఎత్తయిన కనుమలు యూరపులో అనేకము కలవు. అయినను సైకిలు పందెముల చరిత్రలో తూర్‌మలేకు వచ్చినంత పేరు చాల కొద్ది కనుమలకే వచ్చినది. ‘టూర్ ద ఫ్రాన్స్’ అను సుప్రసిద్ధమైన సైకిలు పందెము 1910లో మొదటిసారి ఈ కనుమను దాటెను. నాటినుండి నేటివరకు 80 సార్లకు పైగా దాటినది.

ఈ కనుమ చరిత్ర కేవలము పందెములలో గెలుపోటముల చరిత్ర కాదు. మనిషి తన స్వంత బలముతో చేయు పని ఎంతవరకు? యంత్రమునుండియు, తోటివారినుండియు పొందు సహాయము ఎక్కడినుండి ఆరంభమగును? ఈ ప్రశ్నలు ఈ రాతిబాట మీద పలుమారులు తలయెత్తినవి. వాటికి మనుష్యులు చెప్పిన సమాధానములు కాలక్రమమున ఎట్లు మారినవో పరిశీలించుట విద్యార్థులకు ప్రయోజనకరము.

కనుమ స్వరూపము

తూర్‌మలేకు తూర్పున కాంపాన్ లోయ, పడమట బారేజ్ లోయ ఉన్నవి. తూర్పు దిక్కున కొండ మొదట ఉన్న గ్రామము సాంత్ మరీ ద కాంపాన్. అక్కడినుండి కనుమ పైభాగమునకు రోడ్డు పొడవు సుమారు 17 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 1,268 మీటర్లు. పడమటి దిక్కున లూజ్ అను ఊరినుండి ఎక్కినచో దూరము సుమారు 19 కిలోమీటర్లు, ఎత్తు 1,404 మీటర్లు. ఏ ప్రక్కనుండి వచ్చినను సగటున నూరు మీటర్ల దూరమునకు ఏడున్నర మీటర్లకు కొంచెము తక్కువగా ఎక్కవలసియుండును. కొన్నిచోట్ల ఈ వాలు పది మీటర్ల వరకు పెరుగును.

పైకి పోయిన కొలది గాలి పలుచబడును. కనుమ పైభాగమున వాతావరణ పీడనము సముద్రతీరమున ఉండు పీడనములో మూడు పాళ్ళకు కొంచెము ఎక్కువగా, అనగా నూటికి 77 వంతులుగా ఉండును. తీరమున 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలుచు పాదరసము ఇక్కడ సుమారు 590 మిల్లీమీటర్ల వద్దనే నిలుచును. ఊపిరి పీల్చిన ప్రతిసారియు లోనికి పోవు ప్రాణవాయువు ఆ మేరకు తగ్గును. చలికాలమున మంచు కప్పివేయుట వలన రోడ్డు కొన్ని నెలలపాటు మూసివేయబడును.

సైకిలు రాక పూర్వము

ఈ కొండకు మొదట పేరు తెచ్చినవారు క్రీడాకారులు కారు, రోగులు. బారేజ్ గ్రామమున గంధకము కలిసిన వేడినీటి ఊటలు కలవు. ఆ నీటిలో స్నానము చేసినచో కీళ్ళ నొప్పులు, గాయములు నయమగునని పూర్వము గట్టి నమ్మకము. 1675లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తన కుమారుడగు మేన్ ప్రభువును, కుంటితనము నయమగునను ఆశతో, ఈ ఊటలకు పంపెను. ఆ బాలునికి తోడుగా వచ్చిన మదాం ద మేంతెనో పల్లకిలో తూర్‌మలే కనుమను దాటినట్లు చెప్పుదురు. అప్పటికి అక్కడ ఉన్నది కాలిబాట మాత్రమే.

రోగుల తరువాత శాస్త్రజ్ఞులు వచ్చిరి. కనుమకు సమీపముననే పిక్ ద్యు మిడి అను శిఖరము 2,876 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. ఎత్తునుబట్టి గాలి పీడనము ఎట్లు తగ్గునో తెలిసికొనుటకు ప్లాంతాద్ అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు బారోమీటరుతో ఈ శిఖరమును ఎక్కుచుండెను. 1741లో, డెబ్బది ఏండ్ల వయస్సున, ఆ పనిలో ఉండగనే కొండమీద ప్రాణములు విడిచెను. 1870 తరువాత నాన్సూటీ అను సేనాని, వోస్సెనా అను ఇంజనీరు కలిసి ఆ శిఖరముపై వేధశాలను నిర్మింపబూనిరి. 1882లో అది ప్రభుత్వపరమయ్యెను. సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున మాత్రమే కంటికి కనబడు సూర్యుని కరోనాను, గ్రహణము లేకయే చూడగల పరికరమును బెర్నార్ లియో 1930 ప్రాంతమున ప్రయోగించి చూచినది ఈ వేధశాలయందే. గాలి పలుచగను, ధూళి లేకయు ఉండుట ఆయనకు అనుకూలించెను. సైకిలు తొక్కువానికి శ్వాస తగ్గించిన ఆ పలుచని గాలియే శాస్త్రజ్ఞునికి చూపు నిచ్చెను.

మూడవ నెపోలియన్ కాలమున, 1860 ప్రాంతమున, పిరనీసులోని స్నానక్షేత్రములను ఒకదానితో నొకటి కలుపుటకు బండ్ల బాట వేయబడెను. తూర్‌మలేమీదుగా పోవు రోడ్డు అందులో ఒక భాగము. రోగులు సుఖముగా ప్రయాణము చేయుటకు వేసిన ఆ బాటమీదనే అర్ధ శతాబ్ది తరువాత ఆరోగ్యవంతులైన యువకులు కష్టపడుటకు వచ్చిరి.

పందెము కొండ నెక్కిన సంవత్సరము

టూర్ ద ఫ్రాన్స్‌ను 1903లో ఆరంభించినది ‘లోతో’ అను క్రీడా దినపత్రిక. పత్రిక అమ్మకములు పెంచుటయే దాని ఉద్దేశము. సంపాదకుడు ఆంరి దెగ్రాంజ్ స్వయముగా సైకిలు తొక్కిన దిట్ట. మొదటి సంవత్సరములలో పందెము చాలవరకు చదును నేలమీదను, చిన్న కొండలమీదను జరిగెను. పిరనీసు కనుమల మీదుగా పందెమును నడపవలెనని పట్టుబట్టినవాడు ఆ పత్రికలో పనిచేయు ఆల్ఫోన్స్ స్టైనెస్. దెగ్రాంజ్ సంశయించెను. రోడ్డు ఎట్లున్నదో చూచి వత్తునని స్టైనెస్ 1910లో, కొండమీద మంచు ఇంకను కరుగక మునుపే, మోటారు కారులో బయలుదేరెను. పైభాగము ఇంకను కొన్ని కిలోమీటర్లుండగా కారు మంచులో చిక్కుకొనెను. చీకటిలో ఒంటరిగా నడచి, దారి తప్పి, మంచులో పడి లేచి, చివరకు తెల్లవారుజామున బారేజ్ చేరెను. అక్కడివారు అప్పటికే అతనిని వెదకుచుండిరి. మరునాడు అతడు పారిసుకు పంపిన తంతివార్తలో మాత్రము రోడ్డు చాల బాగున్నదనియు, ఏ ఇబ్బందియు లేక దాటవచ్చుననియు వ్రాసెను! ఆ ఒక్క అసత్యమువలన తూర్‌మలే చరిత్రకెక్కినది.

1910 జూలై 21వ తేదీ తెల్లవారకమునుపే పోటీదారులు లుషోన్ పట్టణమునుండి బయలుదేరిరి. నాటి గమ్యము బయోన్. దూరము 326 కిలోమీటర్లు. దారిలో పేరెసూర్ద్, ఆస్పెన్, తూర్‌మలే, ఓబిస్క్ అను నాలుగు పెద్ద కనుమలు. రోడ్డు తారు వేసినది కాదు. గులకరాళ్ళు, మట్టి, వాననీరు కోసిన గాళ్ళు. తూర్‌మలే పైభాగమును మొదట చేరినవాడు ఓక్తావ్ లపీజ్. అతడు కొంత దూరము దిగి సైకిలును నెట్టుకొనుచు నడచెను. వెనుకనే వచ్చిన గుస్తావ్ గరిగూ ఒక్కసారియైనను దిగక పైకి తొక్కినందుకు నూరు ఫ్రాంకుల ప్రత్యేక బహుమానము పొందెను. తరువాతి ఓబిస్క్ కనుమ వద్ద లపీజ్ నిర్వాహకులను చూచి, మీరు హంతకులని ముఖముమీదనే అనెను. అయినను పందెము విడువలేదు. 14 గంటల 10 నిమిషములు తొక్కి బయోన్‌కు మొదటివాడుగా చేరి, ఆ సంవత్సరపు టూరునంతయు గెలిచెను. మొదటి ప్రపంచయుద్ధమున అతడు విమానచోదకుడై, 1917 జూలై 14న ఆకాశయుద్ధములో మరణించెను.

కొండ కోరు వెల

లపీజ్ వంటి వీరుడు సైతము దిగి నడువవలసి వచ్చుటకు కారణమేమి? ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రముతోనే ఇది తెలిసికొనవచ్చును. ఉదాహరణకు, మనిషియు సైకిలును కలిసి 85 కిలోగ్రాముల బరువనుకొందము. సాంత్ మరీ గ్రామమునుండి కనుమకు 1,268 మీటర్లు ఎక్కినచో గురుత్వాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని సుమారు 10 లక్షల 57 వేల జౌలులు. ఇది సుమారు 250 కిలోకాలరీలు. కాని మన కండరములు తాము వినియోగించు శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. తక్కినది వేడిగా పోవును. కావున ఈ ఒక్క ఎక్కుడునకు దేహము వేయి కిలోకాలరీలు ఖర్చు చేయవలెను. అది దాదాపు 300 గ్రాముల బియ్యమునుండి లభించు శక్తి. లపీజ్ నాడు ఎక్కినది ఇట్టి కనుమలు నాలుగు.

ఇదే పనిని ఒక గంటలో ముగించవలెనన్నచో, గాలి నిరోధమును, చక్రముల రాపిడిని విడిచినను, ఎడతెగక 294 వాట్ల సామర్థ్యము కావలెను. ఇది ఒక అశ్వసామర్థ్యములో అయిదింట రెండు వంతులు. రెండు గంటలలో ఎక్కినచో దానిలో సగము చాలును. పని మారదు, వేగమునుబట్టి సామర్థ్యము మారును.

ఇక బలము సంగతి. నాటి పోటీదారుల సైకిళ్ళకు నేటివలె గొలుసును ఒక పళ్ళచక్రమునుండి మరియొక దానిపైకి మార్చు సాధనము లేదు. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల రెండు వేరువేరు పళ్ళచక్రములు బిగించుకొనువారు కొందరు. కొండ మొదటికి వచ్చినప్పుడు దిగి, మరలు విప్పి, చక్రమును త్రిప్పి బిగించుకొనవలెను. చలికి వ్రేళ్ళు కొంకర్లు పోయినప్పుడు అది చిన్న పని కాదు.

పళ్ళచక్రముల ప్రభావము లెక్కవేసి చూతము. పెడలు వద్ద 44 పళ్ళు, వెనుక 22 పళ్ళు ఉన్నవనుకొనుడు. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము రెండు చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లయినచో సైకిలు 4.2 మీటర్లు సాగును. ఈ వాలులో అంత దూరమునకు 31 సెంటీమీటర్లు పైకి లేచును. 17 సెంటీమీటర్ల క్రాంకు చివర పాదము అదే సమయమున 107 సెంటీమీటర్లు తిరుగును. కాబట్టి 85 కిలోల బరువును ఎత్తుటకు పాదము సగటున 25 కిలోల బరువుకు సమానమగు బలముతో నిరంతరము నెట్టవలెను. వెనుక కూడ 44 పళ్ళ చక్రమే ఉన్నచో పెడలు ఒక చుట్టుకు సైకిలు 2.1 మీటర్లే సాగును. అప్పుడు కావలసిన బలము పన్నెండున్నర కిలోలకు తగ్గును. కాని కనుమ చేరుటకు 4,100 చుట్లకు బదులు 8,200 చుట్లు తొక్కవలెను. మొత్తము పని రెండు పద్ధతులలోను సమానమే. గేరు పనిని తగ్గించదు. పనిని కండరములు ఓర్చుకొను విధముగా పంచి పెట్టును. సరళయంత్రముల పాఠములో తులాదండమును గురించి చెప్పునదియు ఇదియే.

బలమా? ఉపాయమా?

ఈ సత్యమును ముందుగా గ్రహించి ప్రచారము చేసినవాడు సాంత్ ఎతియెన్ నగరవాసి పాల్ ద వీవీ. ‘వెలోసియో’ అను కలము పేరుతో అతడు 1887లో ఒక సైకిలు పత్రికను స్థాపించి, పలు గేర్లు ఉన్న సైకిలుతో సామాన్యుడును కొండలు ఎక్కగలడని వాదించెను. 1902లో ఫ్రాన్సు పర్యాటక సంఘము గేర్ల సైకిళ్ళను పరీక్షించుటకు తూర్‌మలే మీదనే ఒక పోటీని నడిపెను. అనగా పందెగాండ్రకంటె ఎనిమిదేండ్లు ముందుగా ఈ కనుమకు గేర్లు వచ్చినవి.

కాని దెగ్రాంజ్‌కు ఆ మార్గము రుచింపలేదు. గేరు మార్చు సాధనములు నలుబదియైదేండ్లు దాటినవారికే తగుననియు, కండబలముతో గెలుచుట గొప్ప గాని యంత్రోపాయముతో గెలుచుట గొప్ప కాదనియు అతని అభిప్రాయము. తన పందెమున వాటిని చాల ఏండ్లు నిషేధించెను. పైగా, దారిలో ఏమి విరిగినను పోటీదారుడు తానే బాగుచేసికొనవలెను, ఇతరుల సహాయము పొందరాదు అను నియమమును కఠినముగా అమలు జరిపెను. ఈ పట్టుదలలో ఒక న్యాయము లేకపోలేదు. ధనము గల సైకిలు కంపెనీలు తమ వారికి దారిపొడవున సహాయకులను నిలిపినచో పేదవానికి గెలుపు దక్కదు. అయితే నియమమును అక్షరము తప్పక పాటించినప్పుడు ఏమి జరుగునో 1913లో లోకమునకు తెలియవచ్చెను.

కొలిమి వద్ద

1913 జూలై 9న పందెము బయోన్ నుండి లుషోన్‌కు సాగుచుండెను. ఊజెన్ క్రిస్తోఫ్ అను ఫ్రెంచి వీరుడు ఆ దినమున ముందువరుసలో ఉండి, టూరునంతయు గెలుచునను ఆశ కలిగించుచుండెను. తూర్‌మలే ఎక్కి తూర్పు వైపునకు దిగుచుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగెను. ఎక్కునప్పుడు దేహము సంపాదించిన స్థితిశక్తిలో కొంత దిగునప్పుడు వేగముగా మారును; గతుకుల దారిలో ఆ వేగపు తాకిడినంతయు మొదట భరించునది ఫోర్కే.

క్రిస్తోఫ్ సైకిలును భుజముపై మోసికొని పది కిలోమీటర్లకు పైగా కొండ దిగెను. వెనుకనున్న పోటీదారులు ఒక్కరొక్కరుగా అతనిని దాటి పోయిరి. సాంత్ మరీ గ్రామము చేరి కమ్మరి కొలిమి ఎక్కడ అని అడిగి తెలిసికొనెను. అదృష్టవశమున అతడు చిన్ననాట తాళముల పని నేర్చినవాడు. ఇనుముతో పరిచయము కలదు. కమ్మరి తన కొలిమిని, పనిముట్లను వాడుకొననిచ్చెను. కాని చేయి వేయుటకు వీలులేదు. పందెపు అధికారులు ప్రక్కనే నిలిచి కనిపెట్టి చూచుచుండిరి. కాలిన ఇనుమును ఒక చేత పట్టుకారుతో పట్టి, రెండవ చేత సుత్తితో కొట్టవలసిన మనిషి కొలిమి తిత్తిని ఎట్లు ఊదగలడు? అక్కడనున్న ఒక బాలుడు తిత్తి ఊదెను.

గంటల తరబడి శ్రమించి క్రిస్తోఫ్ ఫోర్కును అతికించుకొని, మరల సైకిలెక్కి, మిగిలిన కనుమలు దాటి, ఆ దినపు విజేత ఫిలిప్ టైస్ కంటె దాదాపు నాలుగు గంటలు ఆలస్యముగా లుషోన్ చేరెను. అంత కష్టపడినవానికి అధికారులు పది నిమిషముల దండన విధించిరి. బాలుడు తిత్తి ఊదుట పరసహాయమట! తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. నాలుగు గంటలు పోగొట్టుకొన్నవానికి పది నిమిషములైన నేమి, మూడు నిమిషములైన నేమి? ఆ సంవత్సరము టైస్ గెలిచెను. క్రిస్తోఫ్ పారిసునకు ఏడవవాడుగా చేరెను.

క్రిస్తోఫ్ తరువాత కూడ చాలకాలము పోటీ చేసెను. 1919లో పందెములో ముందున్నవానిని గుర్తించుటకు పసుపుపచ్చని చొక్కాను ప్రవేశపెట్టగా దానిని మొదట ధరించినవాడు అతడే. అదే సంవత్సరము, పారిసు ఇంక కొద్ది దూరములో ఉండగా, అతని ఫోర్కు మరల విరిగెను. 1922లో ఆల్ప్సు పర్వతములలోని గలిబియె కనుమ వద్ద మూడవసారి విరిగెను. టూరు విజయము అతనికి ఎన్నడును దక్కలేదు. అయినను సాంత్ మరీ గ్రామమున అతని పేర ఒక ఫలకము కలదు. ఒక విగ్రహమును కలదు. ఆ సంవత్సరపు విజేతకు ఆ గ్రామమున అట్టి స్మారకము లేదు.

నియమము మారిన తీరు

తిత్తి ఊదిన బాలుని సహాయము తప్పయినచో, ఆ ఇనుమును కరిగించినవాడు, గొట్టమును చేసినవాడు, రబ్బరు టైరును పోతపోసినవాడు, కొండకు రోడ్డు వేసినవాడు చేసిన సహాయము మాటేమి? ఒంటరి మనిషి అనువాడు ఆ రోడ్డుమీద ఎవ్వడును లేడు. ఈ సంగతి నిర్వాహకులకు క్రమముగా అర్థమయ్యెను. 1930లో పందెమును జాతీయ జట్ల పోటీగా మార్చిరి. ఒకే జట్టువారు ఒకరికొకరు తోడ్పడుట సహజమయ్యెను. 1937లో గొలుసును ఒక పళ్ళచక్రమునుండి మరియొకదానికి మార్చు సాధనమునకు టూరులో అనుమతి లభించెను. వెలోసియో 1930లోనే మరణించినందున తన వాదము నెగ్గుటను చూడలేకపోయెను.

గేర్లు వచ్చినందున పందెము సులభమయ్యెనా? లేదు. పని తగ్గలేదని పైన చూచితిమి. బలము వృథా కానందున పోటీదారులు మరింత వేగముగా పోసాగిరి. వేగముతో పాటు కావలసిన సామర్థ్యము పెరిగెను. 1969లో బెల్జియం దేశీయుడు ఎడ్డీ మెర్క్స్ తూర్‌మలే పైభాగమున తక్కినవారిని విడిచి, 130 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి మురెంక్స్ పట్టణమున గెలిచెను. గేర్లు అతని ఘనతను ఇసుమంతయు తగ్గింపలేదు. 2010లో, మొదటి పందెమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, ఒక దినపు పందెము ఈ కనుమపైనే ముగిసెను. 2023 జూలైలో స్త్రీల టూరులో కూడ ఒక దినపు పందెము ఈ కొండపై ముగిసినది. నెదర్లాండ్సుకు చెందిన డెమీ ఫోలరింగ్ మంచుపొగలో అందరికంటె ముందు పైకి చేరి, ఆ టూరును గెలిచినది.

గేరు మార్చుట తెలివితక్కువవారి ఉపాయమని ఒకనాడు నవ్విరి. నేడు ఆ కనుమను ప్రతి వేసవియందును వేలకొలది సామాన్యులు, వృద్ధులు, బాలబాలికలు చిన్న గేర్లతో మెల్లగా తొక్కి ఎక్కుచున్నారు. లపీజ్ దిగి నడచిన చోట వారు దిగనక్కరలేదు. కనుమ ఎత్తు మాత్రము 2,115 మీటర్లే. కిలోగ్రాము బరువును పైకి చేర్చుటకు కావలసిన పని అప్పుడెంతయో ఇప్పుడును అంతే. సాంత్ మరీ గ్రామమున వారు కొంతసేపు ఆగి, క్రిస్తోఫ్ పేరున్న ఫలకమును చదివి, సీసాలలో నీరు నింపుకొని, మరల పెడలుపై కాలు మోపుదురు.